ఇంట్లోనే ఉండి నిద్ర, బరువు పరిశోధనలో పాల్గొనడం ఎలా: సంతకానికి ముందు నుంచి చివరి కొలత దాకా

నిద్రకీ బరువుకీ ఉన్న సంబంధం మీద జరిగే స్టడీల్లో ఇంట్లోనే ఉండి పాల్గొనొచ్చా, రోజూ ఏం చేయాలి, మధ్యలో ఒక రోజు తప్పితే ఏమవుతుంది అని చాలామంది అడుగుతున్నారు. నేను అలాంటి ఒక స్టడీలో నాలుగు వారాలు ఉన్నాను. అప్పుడు ముందే తెలిసుంటే బాగుండేది అనిపించిన విషయాలన్నీ ఇక్కడ వరుసలో పెడుతున్నాను.

మొదట ఒక్క మాట. నిద్ర ల్యాబ్‌లో అయితే రాత్రంతా మిమ్మల్ని గమనించే మనిషి ఉంటాడు. ఇంట్లో ఎవరూ ఉండరు. మీరు రాసిందే వాళ్లకు దిక్కు. అందుకని ఇక్కడ ‘బాగా చేయడం’ అంటే బాగా నిద్రపోవడమో, బరువు తగ్గడమో కాదు. జరిగింది జరిగినట్టు, జరిగిన రోజే రాయడం.

## 1. మీకు కుదురుతుందో లేదో ముందే చూసుకోండి

ప్రతి స్టడీకీ ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తీసుకోకూడదు అనే నిబంధనలు ఉంటాయి. వయసు, ఎత్తుకు తగ్గ బరువు, మామూలుగా ఎన్ని గంటలు పడుకుంటారు, నైట్ షిఫ్టులున్నాయా, గర్భిణులా, ఇంట్లో రాత్రుళ్లు లేచే పసిపిల్లలున్నారా, నిద్రకో బరువుకో మందులు వాడుతున్నారా అని అడుగుతారు.

ఎలాగైనా చేరాలన్న ఆత్రంలో ఇక్కడ ఏదీ దాచకండి. మందు సంగతి దాస్తే మీ లెక్కలు పనికిరాకుండా పోవడమే కాదు, మీకు హాని కూడా జరగొచ్చు. తిండి విషయంలో గతంలో తీవ్రమైన ఇబ్బంది పడినవాళ్లు, అంటే తినడం మానేయడం, తిని కక్కేయడం లాంటివి ఉన్నవాళ్లు, ఆ మాట తప్పకుండా చెప్పాలి. రోజూ బరువు చూసుకోవడం అలాంటివారికి మళ్లీ పాత బాధ తెచ్చిపెట్టొచ్చు.

ఈ దశలోనే రెండు ప్రశ్నపత్రాలు రావచ్చు. పిట్స్‌బర్గ్ నిద్ర నాణ్యత సూచిక గడిచిన నెల మొత్తం గురించి అడుగుతుంది. మొన్న ఒక్క రాత్రి నిద్ర పట్టలేదని దాన్నే మనసులో పెట్టుకుని జవాబులు రాయకండి. పగటిపూట నిద్రమత్తు ఎంతో చూసే ఎప్వర్త్ పత్రంలో ఎనిమిది సందర్భాలుంటాయి. కూర్చుని చదువుతున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, వాహనంలో వెళ్తున్నప్పుడు, ఇలా ఒక్కోచోట కునుకు పట్టే అవకాశం ఎంతో 0 నుంచి 3 వరకు వేయాలి. ‘నేను అలసిపోయానా’ అని కాదు, ‘కళ్లు మూతలు పడతాయా’ అని ఆలోచించి వేయండి. ఈ రెండూ వేరు.

వచ్చే నెలలో దూర ప్రయాణాలు, పరీక్షలు, ఇల్లు మారడం లాంటివి ఉంటే ఆ తర్వాత చేరతానని అడగండి. మధ్యలో మానేయడం కంటే ఆలస్యంగా చేరడమే వాళ్లకూ మేలు.

## 2. సమ్మతి పత్రం: సంతకం పెట్టే ముందు

ఆ పత్రం పొడవుగా ఉంటుంది. తొందరపెడితే ఒప్పుకోకండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. ఈ ప్రశ్నలకు జవాబు అందులో దొరకాలి. లేదంటే అడగాలి.

- దీన్ని ఏ ఎథిక్స్ కమిటీ (పాల్గొనేవాళ్ల భద్రత, హక్కులు చూసే కమిటీ) ఆమోదించింది? వాళ్లతో నేరుగా మాట్లాడాలంటే ఎలా?
- ప్రభుత్వ ట్రయల్ రిజిస్ట్రీలో (ఇలాంటి పరిశోధనల వివరాలుండే జాబితాలో) నమోదైందా? నంబరు ఎంత?
- రోజుకు ఎన్ని నిమిషాలు పడుతుంది? మొత్తం ఎన్ని వారాలు?
- రక్తం, మూత్రం, లాలాజలం లాంటి శాంపిళ్లు ఇవ్వాలా?
- నా పేరు, నిద్ర వేళలు, ఫోన్ లొకేషన్ ఎవరు చూస్తారు? ఎంతకాలం దాచుకుంటారు?
- మధ్యలో మానేస్తే అప్పటిదాకా ఇచ్చిన సమాచారం ఏం చేస్తారు?
- పరీక్షలో ఏదైనా జబ్బు లక్షణం కనిపిస్తే నాకు చెబుతారా?
- రాత్రిపూట ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి?

ఎప్పుడైనా, కారణం చెప్పకుండా కూడా మానేసే హక్కు మీకుంది. ఆ మాట పత్రంలో స్పష్టంగా లేకపోతే అక్కడే ఆగిపోండి.

ఇంకో విషయం మనసులో గట్టిగా నాటుకోవాలి. పరిశోధన చికిత్స కాదు. మీ నిద్ర బాగుచేస్తామని, ఇన్ని కిలోలు తగ్గిస్తామని ఎవరైనా మాటిస్తుంటే అది స్టడీ అయ్యే అవకాశం తక్కువ. చేరడానికి ఫీజు కట్టమన్నా, మందో పౌడరో కొనమన్నా, బ్యాంకు పాస్‌వర్డ్ లేదా ఓటీపీ అడిగినా అది మోసం. ఇందులో మొహమాటానికి తావు లేదు.

## 3. ఇల్లు, సామాను సిద్ధం చేసుకోవడం

మామూలుగా ఒక పెట్టె వస్తుంది. అందులో చేతికి పెట్టుకునే, కదలికలు నమోదు చేసే యాక్టిగ్రాఫ్ వాచీ, బరువు చూసుకునే మెషీన్, డైరీ లేదా యాప్ వివరాలు ఉంటాయి. కొన్నింటిలో వేలికి తగిలించే ఆక్సిజన్ క్లిప్పు, ముక్కు దగ్గర పెట్టుకునే సన్న గొట్టం, ఛాతీ బెల్టు కూడా వస్తాయి. ఇవి నిద్రలో ఊపిరి ఆగుతోందేమో చూసే ఒకటి రెండు రాత్రుల పరీక్షకు. ఆ రాత్రి క్లిప్పు పెట్టే వేలికి గోళ్ల రంగు తీసేయండి, లేకపోతే రీడింగ్ సరిగా రాకపోవచ్చు.

మొదటి రోజుకు ముందే ఇవి అయిపోవాలి.

- మెషీన్‌ను గట్టి, చదునైన నేల మీద పెట్టండి. తివాచీ మీద వద్దు. పెట్టిన చోటు నుంచి కదపకండి.
- డైరీ, పెన్ను దిండు పక్కనే ఉండాలి. వేరే గదిలో ఉంటే రాయరు.
- ఫోన్‌లో టైమ్ ఆటోమేటిక్‌గా ఉండేలా పెట్టండి. వాచీ టైమ్, ఫోన్ టైమ్ ఒక్కటేనా చూడండి.
- వాచీ ఛార్జింగ్‌కు రోజూ ఒకే వేళ పెట్టుకోండి. మీరు మెలకువగా ఉండి, కూర్చున్న వేళ అయితే మంచిది.
- కోఆర్డినేటర్ (స్టడీ తరఫున మీతో మాట్లాడే మనిషి) నంబరు ఫోన్‌లో సేవ్ చేయండి.
- ఇంట్లో అందరికీ చెప్పండి: ఈ మెషీన్ మీద ఇంకెవరూ ఎక్కకూడదు.

ఈ ఆఖరి మాట చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మెషీన్ బరువును నేరుగా స్టడీ వాళ్లకు పంపేస్తుంది. సరదాకు ఇంకొకరు ఎక్కితే ఒక్క పూటలో మీరు ఇరవై కిలోలు తగ్గినట్టు నమోదవుతుంది. వాడనప్పుడు గోడకు ఆనించి పెట్టకుండా, దాని మీద ఒక అట్ట పెట్టి ‘ఎక్కొద్దు’ అని రాస్తే సరిపోతుంది.

## 4. మొదటి వారాలు: ఏమీ మార్చకపోవడమే పని

చాలా స్టడీల్లో మొదటి ఒకటి రెండు వారాలు బేస్‌లైన్. మీరు మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండాలి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. చేతికి వాచీ పెట్టగానే త్వరగా పడుకోవాలనిపిస్తుంది, రాత్రి చిరుతిండి మానేయాలనిపిస్తుంది.

అది ఎందుకు నష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. 2022లో చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించిన ఒక స్టడీలో అధిక బరువుండి, రోజుకు ఆరున్నర గంటల కంటే తక్కువ పడుకునే 80 మంది పాల్గొన్నారు. రెండు వారాలు మామూలుగా ఉన్నారు. తర్వాతి రెండు వారాలు సగం మంది నిద్ర పెంచుకున్నారు, మిగతావాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. పడుకున్నది ఎవరి ఇంట్లో వాళ్లే. నిద్ర పెంచుకున్నవాళ్లకు సగటున రోజుకు 1.2 గంటలు ఎక్కువ నిద్ర పట్టింది. రెండో గుంపుతో పోలిస్తే వాళ్లు తీసుకున్న ఆహారం రోజుకు సుమారు 270 కేలరీలు తగ్గింది.

ఈ తేడా బయటపడిందంటే మొదటి రెండు వారాలు నిజంగా ‘మామూలుగా’ ఉన్నందుకే. బేస్‌లైన్‌లోనే అందరూ బుద్ధిగా త్వరగా పడుకుని ఉంటే తర్వాత తేడా ఏం కనిపిస్తుంది? మీ చెడ్డ అలవాటే వాళ్లకు కావలసిన సమాచారం.

## 5. స్లీప్ డైరీ రాయడం

మొత్తం పనిలో గుండెకాయ ఇదే. పొద్దున లేచాక అరగంటలోపు రాయాలి. ఒక్క రాత్రికి ఈ వివరాలు కావాలి.

- మంచం ఎక్కిన టైమ్
- లైటు, ఫోన్ ఆపేసి నిద్రకు ప్రయత్నించిన టైమ్
- నిద్ర పట్టడానికి ఎంతసేపు పట్టింది
- మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, మొత్తం ఎన్ని నిమిషాలు
- చివరిగా మెలకువ వచ్చిన టైమ్
- మంచం దిగిన టైమ్
- నిన్న పగలు తీసిన కునుకులు

మొదటి రెండూ ఒకటే కదా అని ఎక్కువమంది ఒకే టైమ్ రాసేస్తారు. ఆ రెంటికీ తేడా ఎంతో లెక్క వేసి చూద్దాం. రాత్రి 10:40కి మంచం ఎక్కారు. 11:25 దాకా ఫోన్ చూసి, ఆపేశారు. నిద్ర పట్టడానికి 20 నిమిషాలు. మధ్యలో రెండుసార్లు లేచారు, మొత్తం 35 నిమిషాలు. 6:10కి మెలకువ వచ్చింది, 6:45కి మంచం దిగారు.

11:25 నుంచి 6:10 దాకా 405 నిమిషాలు. అందులోంచి 20, 35 తీసేస్తే నిద్ర 350 నిమిషాలు. నిద్రకు ప్రయత్నించిన దగ్గర్నుంచి మంచం దిగేదాకా 440 నిమిషాలు కాబట్టి దాదాపు 80 శాతం సమయం నిద్రపోయారు. అదే మంచం ఎక్కిన దగ్గర్నుంచి లెక్కిస్తే 485 నిమిషాలు, అప్పుడది 72 శాతమే. దీన్నే నిద్ర సామర్థ్యం అంటారు, మామూలుగా 85 శాతం పైన ఉంటే బాగున్నట్టు. మనిషి అదే, రాత్రి అదే. ఏ టైమ్ నుంచి లెక్కించారన్నదాన్ని బట్టే ఏడు శాతం పైగా తేడా, అందుకే రెండూ విడిగా రాయాలి.

తేదీ దగ్గర కూడా జాగ్రత్త. రాత్రి ఒక తేదీలో మొదలై ఇంకో తేదీలో ముగుస్తుంది. చాలా డైరీలు లేచిన రోజు తేదీ అడుగుతాయి. మీ దాంట్లో ఏది అడిగారో మొదటి రోజే అట్ట మీద రాసుకోండి. 12:30 అని రాస్తే అర్ధరాత్రో మధ్యాహ్నమో తేలదు, అందుకని రాత్రి, పగలు అని పక్కన రాయండి.

మధ్యలో మెలకువ వచ్చినప్పుడు గడియారం చూసి నిమిషాలు లెక్కపెట్టకండి. అది టెన్షన్ పెంచి ఉన్న నిద్ర కూడా పోగొడుతుంది. పొద్దున గుర్తున్నంతవరకు అంచనాగా రాస్తే చాలు. ఆ అంచనానే వాళ్లడిగేది.

ఇక అన్నిటికంటే పెద్ద తప్పు: మూడు నాలుగు రోజులవి ఒకేసారి కూర్చుని నింపడం. 2002లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం గురించి చెప్పాలి. దీర్ఘకాలిక నొప్పితో ఉన్న రోగులకు కాగితం డైరీలిచ్చి, ఆ డైరీ ఎప్పుడు తెరుచుకుందో పట్టేసే లైట్ సెన్సర్ లోపల పెట్టారు. వాళ్లు రాసినదాని ప్రకారం 90 శాతం వేళకే నింపినట్టు. సెన్సర్ ప్రకారం నిజంగా వేళకు నింపినవి 11 శాతం.

నేనూ అదే చేశాను. రెండో వారంలో మూడు రోజులు వదిలేసి, ఆదివారం పొద్దున కూర్చుని ‘ఎప్పుడూ పదకొండుకే కదా’ అనుకుంటూ మూడింటికీ 11:00 అని నింపేశాను. రెండు రోజుల తర్వాత కోఆర్డినేటర్ ఫోన్ చేసింది. గురువారం రాత్రి ఒంటి గంట దాకా నా చెయ్యి కదులుతూనే ఉందని వాచీలో ఉంది. ఆమె కోప్పడలేదు. ‘ఖాళీ గడిని మేము ఖాళీగానే లెక్కలోకి తీసుకోగలం. కాకి లెక్కను పట్టుకోవడమే కష్టం’ అంది. ఆ మాట నాకు బాగా తగిలింది. అప్పటి నుంచి మర్చిపోయిన రోజు ‘మర్చిపోయాను’ అని రాశాను, అంతే.

## 6. వాచీ పెట్టుకునే పద్ధతి

మామూలుగా రాయని చేతికి పెట్టుకోమంటారు. మీరు ఎడమచేతి వాటం అయితే కుడి చేతికి. పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు చాలు. మధ్యలో చెయ్యి మార్చకండి.

బటన్ ఉంటే రెండుసార్లు నొక్కాలి: నిద్రకు ప్రయత్నించేటప్పుడు ఒకసారి, లేచాక ఒకసారి. తీసిన ప్రతిసారీ ఎప్పుడు తీశారు, ఎప్పుడు పెట్టుకున్నారు అని రాయండి. మరీ ముఖ్యంగా స్నానం తర్వాత మళ్లీ పెట్టుకోవడం మర్చిపోతాం. టవల్ పక్కనే వాచీ పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

ఈ వాచీ కదలికను కొలుస్తుంది, నిద్రను కాదు. కదలకుండా పడుకుని పైకప్పు చూస్తుంటే నిద్రపోయినట్టే లెక్క వేసే అవకాశం ఉంది. డైరీ అడిగేది అందుకే. మీ సొంత స్మార్ట్ వాచీ చూపించిన అంకెలను డైరీలో ఎక్కించకండి. వాళ్లకు మీ జ్ఞాపకం కావాలి, ఇంకో మెషీన్ అంచనా కాదు.

చర్మం ఎర్రబడితే ఓర్చుకోవద్దు. తీసి, ఆరనిచ్చి, కోఆర్డినేటర్‌కు చెప్పండి.

## 7. బరువు, నడుము

పొద్దున లేచి, బాత్రూమ్‌కు వెళ్లొచ్చాక, ఏమీ తినక తాగక ముందు, పల్చటి బట్టలతో, చెప్పుల్లేకుండా చూసుకోండి. రోజూ ఒకే రకం బట్టలైతే ఇంకా మంచిది. ఒక్కసారి చూసి రాయండి. అంకె నచ్చలేదని దిగి మళ్లీ ఎక్కకండి.

నీళ్లు, ఉప్పు, మలబద్ధకం, నెలసరి వల్ల ఒక రోజుకూ ఇంకో రోజుకూ కిలో, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తేడా వస్తుంది. అది కొవ్వు కాదు. కొన్ని స్టడీల్లో అంకె మీకు కనపడకుండా మెషీన్ సెట్ చేసి ఇస్తారు. అది పాడైందనుకోకండి.

నడుము కొలవమంటే టేపును అన్నిటికంటే కింది పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యలో పెట్టాలి. ఊపిరి మామూలుగా వదిలిన తర్వాత చూడాలి. పొట్ట లోపలికి పీల్చుకోకూడదు. స్టడీ వాళ్లు వేరే చోటు చెబితే వాళ్లు చెప్పినట్టే చేయండి.

## 8. తిండి లెక్క

తిన్నదానికంటే తక్కువ రాయడం దాదాపు అందరూ చేసేదే. కావాలని కాదు, కొన్ని గుర్తుకే రావు. వంటలో పోసిన నూనె, టీ కాఫీల్లో చక్కెర, వంట చేస్తూ రుచి చూసినది, పిల్లలు వదిలేస్తే తిన్నది. వీటిని విడిగా ఒక చీటీలో రాసి వంటగదిలో అంటించుకోండి.

ఫోటో తీయమంటే తినే ముందొకటి, తిన్నాక మిగిలినదానితో ఒకటి తీయండి. పళ్లెం పక్కన ఒక చెంచా పెడితే పరిమాణం తెలుస్తుంది. కాఫీ ఎప్పుడు తాగారో కూడా రాయండి. ఐదు గంటలు గడిచినా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

కొన్ని స్టడీల్లో డైరీ బదులు, లేదా దాంతోపాటు, ప్రత్యేకమైన నీళ్లు తాగిస్తారు. హైడ్రోజన్, ఆక్సిజన్‌ల బరువైన రూపాలు కలిసిన నీళ్లవి. రేడియేషన్ ఉండదు. తర్వాత చెప్పిన రోజుల్లో మూత్రం శాంపిళ్లు ఇవ్వాలి, వాటి నుంచి ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్క కడతారు. మూత బిగించడం, సీసా మీద అసలైన టైమ్ రాయడం, ఈ రెండింట్లో ఏమరుపాటు వద్దు.

## 9. గ్రూపు తేలాక

ఎవరు ఏ గ్రూపులో అన్నది చీటీ తీసినట్టు కంప్యూటర్ నిర్ణయిస్తుంది. మీరు అడిగినా మార్చరు. ఏమీ మార్చొద్దన్న గ్రూపు వస్తే నిరాశ కలుగుతుంది. కానీ పోల్చి చూడడానికి మీరు లేకపోతే రెండో గ్రూపు ఫలితానికి అర్థమే లేదు.

నిద్ర పెంచుకునే గ్రూపు అయితే చెప్పిన వేళకు మంచం ఎక్కండి. మొదటి రెండు మూడు రాత్రులు నిద్ర పట్టక దొర్లొచ్చు, అది కూడా రాయండి. ఏ గ్రూపులో ఉన్నా సొంతంగా డైటింగ్, కొత్త వ్యాయామం, నిద్ర మాత్రలు మొదలుపెట్టకండి. డాక్టరు కొత్త మందు రాస్తే వాడండి, వెంటనే స్టడీ వాళ్లకు చెప్పండి. వేరే గ్రూపులో తెలిసినవాళ్లుంటే వాళ్ల సూచనలు అడగకండి, మీవి చెప్పకండి.

## 10. తప్పు జరిగిందా? ఇలా సరిచేసుకోండి

- డైరీ మర్చిపోయారు: అదే రోజు సాయంత్రం గుర్తొస్తే రాసి, ‘సాయంత్రం రాశాను’ అని పక్కన పెట్టండి. మర్నాటికైతే ఖాళీగా వదిలేయండి.
- తప్పు టైమ్ రాశారు: చెరిపేయొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది, తేదీ రాయండి.
- వాచీ ఛార్జింగ్ అయిపోయింది: డైరీ ఆపకండి. ఆగిన టైమ్ రాసి ఫోన్ చేయండి.
- తిన్న తర్వాత బరువు చూశారు: ఆ మాట రాయండి. మర్నాడు మామూలుగా కొనసాగించండి.
- జ్వరం, ప్రయాణం, ఇంట్లో కష్టం: ఆ రోజులకు గుర్తు పెట్టండి. దాని సంగతి వాళ్లు చూసుకుంటారు.
- వారం మొత్తం పోయింది: సిగ్గుపడి ఫోన్ ఎత్తడం మానేయకండి. చెబితే దారి చూపిస్తారు.

## 11. వెంటనే చెప్పాల్సిన సందర్భాలు

పగలు ఆపుకోలేనంత నిద్ర ముంచుకొస్తుంటే బండి నడపకండి, ఆ రోజే ఫోన్ చేయండి. ఊపిరాడక ఉలిక్కిపడి లేస్తున్నా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్కన పడుకున్నవాళ్లు చెప్పినా తెలియజేయండి. మనసు బాగా కుంగిపోతున్నా, తిండి గురించి, బరువు గురించి ఆలోచనలు వదలకుండా వేధిస్తున్నా చెప్పండి. ఛాతీ నొప్పి, స్పృహ తప్పడం లాంటివైతే ముందు ఆసుపత్రికి, తర్వాతే స్టడీకి.

## 12. చివరి రోజు, ఆ తర్వాత

- సామాను తిరిగి ఇచ్చే ముందు వాచీలో సమాచారం వాళ్లకు చేరిందా అడగండి.
- వాళ్లు సరేనన్నాకే యాప్ తీసేయండి.
- మీ సొంత ఫలితాలు, స్టడీ మొత్తం ఫలితం ఎప్పుడు పంపుతారో అడిగి రాసుకోండి.
- మీ ఇంటి అడ్రసు, ఫోన్ మారితే వాళ్లకు తెలపండి.

చాలా స్టడీల్లో కొన్ని నెలల తర్వాత ఒక ఆఖరి కొలత ఉంటుంది. బరువు మళ్లీ పెరిగిందని, పాత నిద్ర వేళలకే వచ్చేశామని మొహమాటపడి దానికి రాకుండా పోయేవాళ్లుంటారు. వాళ్లు రాకపోతే మిగిలేది బాగా తగ్గినవాళ్ల లెక్కలే, అప్పుడు పద్ధతి అసలున్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. రేపు దాన్ని నమ్మి మొదలుపెట్టేవాళ్లు ఎక్కడో ఉన్నారు. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకోండి, బరువు ఎంతున్నా సరే వెళ్లి మెషీన్ ఎక్కండి.